"నన్ను నిద్రపుచ్చేయమనండి" అని ఇంట్లో పెద్దవాళ్లు అడిగితే ఏం చేయాలి

క్యాన్సర్ ముదిరి, కీమో ఆపేసి, "ఇంక ఇంటికి తీసుకెళ్లి బాగా చూసుకోండి" అని డాక్టర్లు చెప్పేశాక వచ్చే రోజుల గురించి ఇది. నొప్పికి మార్ఫిన్ బిళ్లలు పనిచేస్తున్నాయి, ఆయాసం కూడా పర్వాలేదు. అయినా ఒక రాత్రి నాన్నగారు మీ చెయ్యి పట్టుకుని "ఈ మెలకువ నా వల్ల కావట్లేదు, ఏదో ఒక ఇంజెక్షన్ ఇప్పించి నిద్రపుచ్చేయండి" అంటారు. ఎక్కడ నొప్పి అని అడిగితే చూపించడానికి చోటేమీ ఉండదు. అప్పుడు ఏ వరసలో ఏం చేయాలో, ఎక్కడ ఆగాలో చెబుతాను.

ఆయన అడిగింది వైద్యంలో లేనిదేమీ కాదు. చావు దగ్గరపడ్డ రోజుల్లో ఏ మందుకీ లొంగని బాధ ఉంటే, ఆ బాధ తెలియనంత మేరకు మాత్రమే మత్తు ఇస్తారు. దాన్ని పాలియేటివ్ సెడేషన్ అంటారు. ఎక్కువగా వాడేది మిడజోలం అనే మత్తుమందు. ఊపిరాడకపోవడానికో, తగ్గని నొప్పికో, చివర్లో వచ్చే మతిభ్రమకో ఇది ఇవ్వడం మీద డాక్టర్లలో పెద్దగా తగవు లేదు. తగవంతా మనోవేదన దగ్గరే. "ఇంకా ఎందుకు బతకాలి" అనే బాధకి స్పృహ పోయేంత మత్తు ఇవ్వడం తగదని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ నియమావళి అంటుంది. యూరప్ పాలియేటివ్ కేర్ (జబ్బు నయం కానప్పుడు బాధ తగ్గించే వైద్యం) సంఘం 2009లో ఇచ్చిన మార్గదర్శకాలు గట్టి షరతుల మీద ఒప్పుకుంటాయి. ఫ్రాన్స్ 2016లో చట్టమే చేసింది: మరణం దగ్గరపడి, బాధ మందులకు లొంగకపోతే, చివరిదాకా గాఢనిద్రలో ఉంచమని రోగి అడగొచ్చు. మన దేశంలో దీనికంటూ వేరే చట్టం లేదు. డాక్టరు, రోగి, కుటుంబం కూర్చుని తేల్చుకోవాల్సిందే.

నా మట్టుకు నాకు ఇది అడగ్గానే ఇచ్చేదీ కాదు, ఎప్పటికీ ఇవ్వకూడనిదీ కాదు. దీనికి ముందు చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి. అవి చేస్తే చాలామందికి మత్తు అవసరమే రాదు.

ముందు సరే అనకండి, వద్దనీ అనకండి

మనలో చాలామంది నోటి నుంచి వెంటనే వచ్చే మాట "ఛ, అవేం మాటలు నాన్నా, మీకేం కాదు". ఆ మాటతో సంభాషణ అక్కడికి ముగిసిపోతుంది. ఆయన మళ్లీ మీ దగ్గర ఆ ఊసెత్తరు, రాత్రిళ్లు గోడవైపు తిరిగి పడుకుంటారు. దానికి బదులు మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని "ఏం తోస్తోంది నాన్నా, చెప్పండి, వింటాను" అనండి. టీవీ కట్టేయండి, ఫోను పక్క గదిలో పెట్టండి. అమ్మ ఏడుస్తుంటే కాసేపు ఆవిడను బయటికి పంపండి.

తర్వాత ఆయన ఏ మాట వాడుతున్నారో పట్టించుకోండి. "మీకు భారమైపోయాను" వేరు, "దేవుడు ఇంకా తీసుకుపోడేం" వేరు, "ఏ పాపం చేశానో" వేరు, "రాత్రయితే భయమేస్తోంది" వేరు. ఒకదానికి పనికొచ్చే మందు ఇంకోదానికి పనికిరాదు.

రాత్రి భయం అనేవాళ్లలో చాలామందిది చావు భయం కాదు, ఎలా చస్తామోనన్న భయం. పక్క మంచం మనిషి ఆయాసంతో కొట్టుకోవడం ఆసుపత్రిలో చూసి ఉంటారు. అదే తనకీ జరుగుతుందని కళ్లు మూయరు. ఇలాంటివాళ్లకి డాక్టరు గారు వచ్చి "ఆయాసం వస్తే ఈ మందు ఇస్తాం, ఇది ఇంట్లోనే ఉంటుంది, ఇవ్వడం మీ అబ్బాయికి నేర్పించాం" అని స్పష్టంగా చెబితే సగం దిగులు తీరుతుంది. గదిలో చిన్న బల్బు, అదే గదిలో పడుకునే మనిషి ఒకరు ఉంటే ఇంకొంత తీరుతుంది.

"భారమైపోయాను" అనేవాళ్ల వెనక తరచుగా డబ్బు ఉంటుంది. ఆసుపత్రి బిల్లుకి చెల్లి నగలు తాకట్టు పెట్టారని ఆయనకి ఎవరూ చెప్పకపోయినా తెలుసు. దాచకండి. లెక్క చెప్పి, ఎలా తీరుస్తారో కూడా చెప్పండి. ఒక పెద్దాయన ఇలాగే రోజూ ఇంజెక్షన్ అడుగుతుంటే, ఆఖరికి తేలింది చేతి బదులు తీసుకున్న అప్పు. కాగితం లేదు, ఇచ్చిన మనిషి ఊళ్లోనే ఉన్నాడు. కొడుకు ఆ మనిషిని ఇంటికి పిలిచి తండ్రి ముందే డబ్బు చేతిలో పెట్టాడు. పెద్దాయన మంచంలో నుంచే "లెక్క పెట్టుకోవయ్యా" అన్నాడు. తర్వాత ఇంజెక్షన్ ఊసు తగ్గింది. పూర్తిగా పోలేదు, తగ్గింది.

ఒక హెచ్చరిక. బిళ్లలు దిండు కింద దాస్తున్నా, పురుగుమందు ఎక్కడుందని అడుగుతున్నా అది వేరే సంగతి. మందులన్నీ మీ చేతిలోకి తీసుకోండి, అదే రోజు డాక్టరుకి చెప్పండి. మానసిక ఇబ్బందుల్లో సాయం చేసే ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఒంట్లో కారణం ఉందేమో వెతికించండి

మనోవేదన అనుకున్నదాంట్లో శరీరం వాటా ఎంతుంటుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మంచం మీద దొర్లుతూ, దుప్పటి లాగేస్తూ, "నన్ను వదిలేయండి" అని అరుస్తున్న మనిషికి పొత్తికడుపు తడిమి చూస్తే గట్టిగా ఉబ్బి ఉంటుంది. పొద్దుట్నుంచీ మూత్రం రాలేదని ఎవరూ గమనించలేదు. గొట్టం వేయగానే పది నిమిషాల్లో నిద్రపోతారు. మలబద్ధకం కూడా అంతే. మార్ఫిన్ వాడుతూ విరేచనం మందు వాడకపోతే నాలుగైదు రోజులకే మనిషి నరకం చూస్తాడు.

మందుల చీటీ కూడా ఒకసారి కొత్త కళ్లతో చూడాలి. వాపుకీ ఆకలికీ ఇచ్చే డెక్సామెథసోన్ సాయంత్రం వేస్తే రాత్రంతా కళ్లు మూతపడవు, పొద్దున వేయాలి. వాంతికి ఇచ్చే మెటోక్లోప్రమైడ్ కొందరికి ఒక చోట కూర్చోనివ్వని, పడుకోనివ్వని తహతహ తెస్తుంది. చూసేవాళ్లకి అది అచ్చం మానసిక ఆందోళనలాగే కనిపిస్తుంది. మందు మారిస్తే పోతుంది.

సాయంత్రం అయ్యేసరికి మాట తడబడటం, లేనివాళ్లు కనిపించడం, పగలంతా నిద్ర, రాత్రంతా గొడవ ఉంటే అది మతిభ్రమ. ఇన్‌ఫెక్షన్, రక్తంలో కాల్షియం పెరగడం, కొన్ని మందులు దీనికి కారణం కావచ్చు. దీనికి వేరే చికిత్స ఉంది. ఈ స్థితిలో ఆయన "చంపేయండి" అంటే ఆ మాటని ఆయన నిర్ణయంగా తీసుకోకూడదు.

డిప్రెషన్ సంగతి ఇంకా కష్టం. చావు దగ్గరున్న మనిషికి దిగులు ఉండదా అని వదిలేస్తారు. కానీ దిగులు వేరు, డిప్రెషన్ వేరు. మనవడు వచ్చినా ముఖంలో మార్పు లేకపోవడం, నేను దేనికీ పనికిరానని రోజంతా అదే ధ్యాసలో ఉండటం చూస్తే మానసిక వైద్యుణ్ణి పిలిపించండి. మామూలు డిప్రెషన్ మందులు పనిచేయడానికి వారాలు పడతాయి కాబట్టి ఆలస్యం పనికిరాదు.

మెడికల్ షాపులో అల్ప్రాజోలం లాంటి నిద్రబిళ్లలు కొనుక్కొచ్చి మీరే వేయకండి. మార్ఫిన్ డోసు మీ అంతట మీరు పెంచి నిద్రపుచ్చాలనీ చూడకండి. మార్ఫిన్ నొప్పికీ ఆయాసానికీ మందు, మత్తుమందు కాదు. నిద్ర కోసం పెంచితే మతిభ్రమ, ఒళ్లు అదరడం మొదలై ఉన్న బాధకి కొత్త బాధ తోడవుతుంది.

ఎవరిని పిలవాలి

ఇది క్యాన్సర్ డాక్టరు (ఆంకాలజిస్టు) ఒక్కరితో అయ్యే పని కాదు. పాలియేటివ్ కేర్ తెలిసిన డాక్టరు, నర్సు కావాలి. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది. చివరి దశ రోగులను చూసుకునే స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా చూస్తుంది. తెలంగాణలో జిల్లా స్థాయిలో ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాలున్నాయి. విశాఖ వైపు వాళ్లకి అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మీ జిల్లా ఆసుపత్రిలో "పాలియేటివ్ వార్డు ఉందా, ఇంటికి వచ్చే టీం ఉందా" అని ఈ మాటల్లోనే అడగండి. "ఆఖరి దశ పేషెంటు" అంటే ఎమర్జెన్సీకి పంపేస్తారు, అక్కణ్ణుంచి ఐసీయూకి.

అమెరికాలో పిల్లల దగ్గరున్న తల్లిదండ్రులైతే హాస్పిస్ వాళ్లని తెలుగు దుబాసీని ఏర్పాటు చేయమనండి, అడిగే హక్కు మీకుంది. తాతయ్య చావు మాటలు మనవరాలి చేత తర్జుమా చేయించకండి. ఆ పిల్లా నలిగిపోతుంది, పెద్దాయనా నిజం చెప్పరు.

మాట్లాడించే పని

లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ పెట్టిన సిసిలీ సాండర్స్, రోగి బాధలో ఒళ్లు, మనసు, సంసారం, ఆత్మ నాలుగూ కలిసే ఉంటాయని చెప్పేది. మొదటిదానికి మందు రాసి మిగతా మూడింటినీ వదిలేస్తే మత్తు అడగక ఏం చేస్తారు?

కెనడా మానసిక వైద్యుడు హార్వే చోచినోవ్ ఒక పద్ధతి తయారుచేశాడు. రోగిని తన జీవితం గురించి కొన్ని ప్రశ్నలు అడిగి, రికార్డు చేసి, శుభ్రంగా రాయించి, చదివి వినిపించి, కుటుంబానికి ఇవ్వడం. శిక్షణ ఉన్నవాళ్లు చేస్తే మంచిదే. లేకపోయినా మీ ఫోనులో రికార్డర్ ఉంది. "నాన్నా, మీరు బాగా బతికానని అనుకున్న రోజులు ఏవి?", "మీ గురించి పిల్లలకి ఏం తెలియాలి?", "ఎవరితోనైనా ఒక మాట అనాలని ఉందా?" ఇలా రోజుకొకటి అడగండి. ఆయన మొదటి ప్రశ్నకి చెప్పేది పెళ్లి గురించో ఉద్యోగం గురించో అవుతుందనుకోకండి. బోరు వేయించిన రోజు నీళ్లు ఎంత ఎత్తు లేచాయో చెప్పొచ్చు. చెప్పనివ్వండి.

ఇరవై ఏళ్లుగా మాటల్లేని తమ్ముడు ఉంటే కబురు పెట్టండి. ఆయన ఒప్పుకుంటేనే సుమా, మీ తృప్తి కోసం కాదు. పురోహితుణ్ణో, పాస్టరునో, ఇమామునో పిలవాలా అని కూడా ఆయన్నే అడగండి. జీవితమంతా గుడి మెట్లెక్కని మనిషికి ఆఖర్న గీత వినిపించి పుణ్యం కట్టుకోవాలని చూసే చుట్టాలు ఉంటారు. వాళ్లని హాల్లో కూర్చోబెట్టి కాఫీ ఇవ్వండి.

అయినా తగ్గకపోతే

ఇప్పుడు మత్తు గురించి డాక్టరుతో సూటిగా మాట్లాడే వేళ. మనోవేదన విషయంలో జాగ్రత్త ఎక్కువ ఉండాలనడానికి కారణాలున్నాయి. ఇది రోజుకో తీరుగా ఉంటుంది: మంగళవారం చచ్చిపోతానన్న మనిషి గురువారం చేపల పులుసు అడుగుతాడు. ఏ మందుకీ లొంగదు అని తేల్చడం కష్టం. పైగా చావుకి చాలా ముందే రావచ్చు. అందుకే ఈ నాలుగూ ఉన్నాయా అని అడగండి:

- చావు గంటల్లో, రోజుల్లో ఉందా? నెదర్లాండ్స్ వైద్యుల మార్గదర్శకాల్లో గాఢ మత్తుకి పెట్టిన హద్దు ఒకటి రెండు వారాలు. అంతకన్నా ఆయువు ఉంటే, తిండీ నీళ్లూ లేని ఆ నిద్రే మనిషిని తీసుకుపోతుంది.
- వేరే దారులన్నీ నిజంగా ప్రయత్నించారా, ఒకరి కన్నా ఎక్కువమంది చూశారా, ఒక్క రోజు కాక కొన్ని రోజులు చూశారా?
- మానసిక వైద్యుడో, కౌన్సెలరో, అవసరమైతే మతపెద్దో మాట్లాడారా?
- అడుగుతున్నది ఆయనేనా? తెలివిలో ఉండి, ఒకటికి రెండుసార్లు అడిగారా?

నాలుగోది నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. "నాన్న బాధ చూడలేకపోతున్నాం, ఏదో ఒకటి ఇచ్చేయండి" అనే మాటలో "చూడలేకపోతున్నాం" అన్నది మన బాధ. వారాల తరబడి నిద్ర లేని కోడలికి రెండు రాత్రుల విశ్రాంతి దొరికితే ఈ కోరిక మాయమవడం కద్దు. చూసుకునే మనిషికి అలసట తీరే ఏర్పాటు ముందు చేయండి, తర్వాత ఈ మాట ఎత్తండి.

ఇది కారుణ్య మరణమా అని ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు. కాదు. అక్కడ ప్రాణం తీయడమే ఉద్దేశం, దానికి సరిపడా మందు ఒక్కసారే ఇస్తారు. ఇక్కడ బాధ తెలియకుండా చేయడం ఉద్దేశం. కొంచెంతో మొదలుపెట్టి, సరిపోయిన దగ్గర ఆపుతారు. పద్ధతి ప్రకారం ఇచ్చినప్పుడు ఆయువు తగ్గినట్టు అధ్యయనాల్లో కనిపించలేదు. ప్రాణం తీసే ఇంజెక్షన్ మన దేశంలో నేరం. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ఒప్పుకున్నది వేరే సంగతి: పనికిరాని వెంటిలేటరు లాంటివి వద్దనుకునే హక్కు, దాన్ని ముందే రాసిపెట్టుకునే హక్కు. 2023లో ఆ కాగితం రాసే తీరు సులువు చేశారు, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీ చేత గానీ గెజిటెడ్ అధికారి చేత గానీ ధ్రువీకరింపజేస్తే చాలు. మత్తుకి ఆ కాగితం అక్కర్లేదు. కానీ ఆయనకి తెలివి ఉండగా రాయించి పెట్టుకుంటే ఐసీయూ గొడవ తప్పుతుంది.

మొదట తిరిగి లేపే నిద్ర

యూరప్ మార్గదర్శకాల్లో నాకు బాగా నచ్చిన మాట ఇదే. మనోవేదనకి మత్తు ఇవ్వాల్సి వస్తే ముందు 6 నుంచి 24 గంటలు మాత్రమే ఇవ్వమంటాయి. తర్వాత మందు తగ్గించుకుంటూ లేపి, ఎలా ఉందని అడగాలి. డాక్టరు తనంతట తాను ఈ మాట ఎత్తకపోతే మీరు ఎత్తండి: "ఒక రోజు నిద్ర ఇచ్చి లేపి చూద్దామా డాక్టరు గారూ?"

లేచాక కొందరు "హమ్మయ్య" అని గంజి అడుగుతారు. రోజుల తరబడి నిద్ర లేకపోవడమే సగం బాధ అని అప్పుడు తెలుస్తుంది. వాళ్లకి రాత్రిపూట మాత్రం మత్తు సరిపోవచ్చు. కొందరు కళ్లు తెరిచి "ఎందుకు లేపారు" అంటారు. ఆ మాట వినడం కష్టంగా ఉంటుంది గానీ, చివరిదాకా నిద్ర అనే నిర్ణయం చేయడానికి అంతకన్నా గట్టి ఆధారం ఉండదు. ఆయన ఏమన్నా సరే, అది కేసు షీటులో రాయించండి.

పడుకోబెట్టే ముందు

ఇది తిరిగి లేవని నిద్ర కావచ్చు. కాబట్టి అంతకుముందే అయిపోవాల్సినవి ఉన్నాయి. డల్లాస్ నుంచి రావాల్సిన కూతురికి టికెట్ దొరికేదాకా ఆగగలరా అని ఆయన్నే అడగండి. ఆగలేనంటే వీడియో కాల్ పెట్టి, ఫోను ఆయన చెవి దగ్గర పట్టుకుని మీరు బయటికి వెళ్లండి. తులసి తీర్థం, ప్రభు భోజనం, కలిమా, ఎవరి ఆచారం వాళ్లది, మెలకువలో ఉండగానే కానివ్వండి. మత్తులో ఉన్న మనిషికి చెంచాతో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అప్పుడు తీర్థం పెదవి తడిపితే చాలు.

సంతకాలు కూడా ముందే. మత్తు మొదలయ్యాక ఆస్తి కాగితం మీద వేలిముద్ర వేయిద్దామని ఇంకు డబ్బా తెచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. గదిలోకి రానివ్వకండి, అది చెల్లదు.

కుటుంబం తరఫున డాక్టరుతో మాట్లాడేది ఒక్కరే అని తేల్చుకోండి. లేకపోతే రాత్రి పదింటికి వచ్చిన బాబాయి "మీరే చంపేస్తున్నారు" అంటే, తెల్లారేసరికి ఇంట్లో రెండు పార్టీలు ఉంటాయి.

నిద్రలో ఉన్నప్పుడు

ఆసుపత్రిలోనే అవ్వక్కర్లేదు, నర్సు రోజూ వచ్చి, డాక్టరు ఫోనుకి అందే ఏర్పాటు ఉంటే ఇంట్లోనూ కుదురుతుంది. చర్మం కింద సన్నటి సూది పెట్టి చిన్న పంపుతో మందు ఎక్కిస్తారు. బీప్ బీప్ మనే మిషన్లు అక్కర్లేదు. చూడాల్సింది ముఖం. నుదురు ముడిపడుతోందా, పక్క మార్చినప్పుడు మూలుగుతున్నారా, చేత్తో ఏదో తోస్తున్నారా అని చూసి టైముతో సహా నోటుపుస్తకంలో రాయండి. మందు పెంచాలా తగ్గించాలా అన్నది నర్సు అది చూసే నిర్ణయిస్తుంది.

నొప్పి మందు ఆపనివ్వకండి. మత్తులో ఉన్న మనిషి నొప్పి అని చెప్పలేడు, నొప్పి మాత్రం ఉంటుంది. నోరు ఎండిపోతుంది కాబట్టి రెండు గంటలకోసారి తడి గుడ్డతో లోపల తుడిచి, పెదవులకి వాజలీన్ రాయండి. పక్కలు మారుస్తుండండి. మూత్రం వస్తోందో లేదో చూడండి. సెలైన్ పెట్టాలా అన్నది వేరే నిర్ణయం, మత్తుతో ముడిపెట్టకండి. చివరి రోజుల్లో ఎక్కిస్తే ఒళ్లు వాచి, గొంతులో గురగుర పెరగడమే ఎక్కువ. ఆ చప్పుడు వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తగ్గించే ఇంజెక్షన్ కూడా ఉంది. వింటున్న మీకు ఉన్నంత బాధ ఆయనకి ఉండదు.

మాట్లాడండి. ఆయన వింటున్నారనే అనుకుని మాట్లాడండి. అప్పుల గురించీ, దినం ఖర్చుల గురించీ మాత్రం వేరే గదిలో.

ఊపిరి ఆగి ఆగి వస్తుంటే 108కి ఫోన్ చేయకండి. వాళ్లు వస్తే ఛాతీ నొక్కి ఆసుపత్రికి తీసుకెళ్లడం వాళ్ల విధి. మీ పాలియేటివ్ డాక్టరు నంబరు గోడకి రాసి అంటించి ఉంచండి, వాళ్లకే చేయండి. ఇంట్లో పోయినా మరణానికి కారణం రాసిచ్చే కాగితం ఆ డాక్టరే ఇస్తారు. దాన్ని తీసుకుని 21 రోజుల్లో మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో నమోదు చేయించండి. మిగిలిన మార్ఫిన్ బిళ్లలు, ఇంజెక్షన్లు లెక్కపెట్టి ఇచ్చిన చోటే తిరిగి అప్పగించండి.